తిరుగుబాటు ముంగిట బోస్టన్ నగరము: ఆంగ్ల సైనికుల కంటికి కనబడినది

స్వాతంత్ర్య సమరముల చరిత్రము సాధారణముగా గెలిచినవారి పక్షముననే వ్రాయబడుచుండును. అది సహజమే. ఐనను ఆ సమరమును అణచుటకై పంపబడిన సైనికుడు కూడ కన్నులు గలవాడే కదా. వీధి మొగమున నిలిచి కావలి కాయువాడతడు. ప్రజల ముఖములను అనుదినము చూచువాడతడు. సముద్రమున కావలి యొడ్డున సింహాసనము చెంత కూర్చున్న మంత్రికంటె ముందుగా ఆ సెగ తగులునది అతనికే. యుద్ధ మారంభము కాకమునుపు అతడేమి చూచెను? చూచినదాని నెట్లు గ్రహించెను? గ్రహించినదానిని విన్నవించినప్పుడు పైవారు చెవినిడిరా? ఈ మూడు ప్రశ్నలకును 1774, 1775 సంవత్సరములందు అమెరికాలోని బోస్టన్ నగరమున దండు విడిసియున్న ఆంగ్ల సేనాధికారుల లేఖలును దినచర్యలును చక్కని సమాధానము చెప్పుచున్నవి.

బోస్టన్ కథ తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. 1773 డిసెంబరు 16వ తేది రాత్రి ఆ నగరపు రేవులో నీటిపాలైన 342 పెట్టెల తేయాకు ఈస్టిండియా కంపెనీవారి సరకు. 1766లో నిజాముతో ఒడంబడిక చేసికొని, గంజాము మొదలు కృష్ణాతీరము వరకు గల సర్కారులను చేజిక్కించుకొన్న కంపెనీయే అది. ఇచ్చట శిస్తు రాబట్టుకొన్న చేయియే అచ్చట తేయాకు అమ్మజూచెను. తేయాకు చైనా దేశపుది. దానిమీది పన్ను బ్రిటిష్ పార్లమెంటు విధించినది. తమ ప్రతినిధి యొక్కడును లేని సభ తమకు పన్ను విధింపరాదని అమెరికా వలసలవారి వాదము.

తేయాకు పాడుచేసినందుకు పార్లమెంటు కఠినశాసనములను వరుసగా గావించెను. 1774 జూన్ 1వ తేది మొదలు బోస్టన్ రేవు మూయబడెను. మసాచుసెట్స్ రాష్ట్రమున ప్రజాప్రతినిధు లెన్నుకొను ఆలోచనసభకు మారుగా రాజు నియమించు సభ యేర్పడెను. ఊరి సభలు గవర్నరు అనుమతి లేక ఏడాది కొక్కమారుకంటె నెక్కువగా కూడరాదని నిర్బంధము కలిగెను. వీనిని అమలు జరుపు భారము జనరల్ థామస్ గేజ్ తలపై పడెను.

గేజ్ అమెరికాకు క్రొత్తవాడు కాడు. అతడు 1755లోనే అచ్చటికి వచ్చెను. ఆ యేడు మొనాంగహీల నదీతీరమున ఫ్రెంచివారి చేతిలో ఓడిన ఆంగ్ల సేనలో అతడొక యధికారి. ఆ సేనలోనే జార్జి వాషింగ్టన్ కూడ ఉండెను. 1763 నుండి ఉత్తర అమెరికాలోని ఆంగ్ల సేనలన్నింటికి గేజ్ అధిపతి. అతని భార్య న్యూజెర్సీ ఆడపడుచు. 1774 ఫిబ్రవరిలో, ఇంగ్లండున సెలవులో నుండగా, ఈతడు మూడవ జార్జి రాజును దర్శించి నాలుగు పటాలము లున్నచో బోస్టనును అదుపున నుంచవచ్చునని ధైర్యము చెప్పెను. ఆ మాట రాజునకు మిక్కిలి రుచించెను. మే మాసమున గేజ్ మసాచుసెట్స్ గవర్నరుగా బోస్టన్ చేరెను. తన మాట ఎంత తప్పో అతనికి తెలియుటకు నాలుగు మాసములు కూడ పట్టలేదు.

బోస్టన్ ఆ నాడు దాదాపు చుట్టును నీరు గల నగరము; సన్నని నేలపట్టీ యొకటి మాత్రము దానిని పల్లెసీమతో కలుపుచుండెను. పదునైదు వేల చిల్లర జనులున్న ఆ యూరిలో కొన్ని మాసములలో మూడు నాలుగు వేల సిపాయిలు దిగిరి. వారి కచ్చట ఎదురైనది కత్తి కాదు, సహాయనిరాకరణము. శీతకాలము రాబోవుచుండగా బారకాసులు కట్టుటకు వడ్రంగులు పని మానివేసిరి. ఇటుకల పడవలు నీట మునిగెను. పరుపులకై కొన్న గడ్డి తగులబడెను. బండ్లు త్రోవలో తలక్రిందులయ్యెను. చివరకు నోవాస్కోషియా నుండి పనివారిని రప్పించుకొనవలసి వచ్చెను. కూలి యిత్తుమన్నను పనిచేయు చేతులు దొరకకపోవుట ఎట్టి పరాభవమో సహాయ నిరాకరణోద్యమ చరిత్ర మెరిగిన మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

సామాన్య సిపాయి బ్రతుకు మరియు దుర్భరము. దినమునకు ఎనిమిది పెన్నీల జీతము, అందులోను కోతలు. పట్టణమున సారాయి కడు చవుక. మెరీను దళపు మేజర్ పిట్‌కెయిర్న్ తన పై యధికారికి వ్రాయుచు, అమెరికావారికంటె ఆ సారాయియే తమవారి నెక్కువగా చంపునని వాపోయెను. ఊరివారు సిపాయిలను మెల్లగా చేరదీసి పటాలము విడిచి పొమ్మని ప్రోత్సహించుచుండిరి. పారిపోయి పట్టువడినవారిని బోస్టన్ మైదానమున తోడి సిపాయిల యెదుటనే కాల్చిరి. యుద్ధమింకను ఆరంభము కాలేదు. ఆంగ్ల సిపాయిలను ఆంగ్ల తుపాకులే పొట్టన బెట్టుకొనుచుండెను.

1774 సెప్టెంబరు 1వ తేదీ తెల్లవారుజామున గేజ్ పంపిన దళ మొకటి నగరము వెలుపలి మందుగుండు కొట్టునుండి 250 చిన్న పీపాల మందును రేవులోని కాసిల్ విలియం కోటకు చేరవేసెను. ఒక్క తుపాకియు ప్రేలలేదు. కాని, ఆంగ్లసేన బోస్టనుపై గుండ్లు కురిపించినదని వదంతి పుట్టి పల్లెపల్లెకు ప్రాకెను. మరునాడు దాపుననున్న కేంబ్రిడ్జి మైదానమున సుమారు 4,000 మంది గుమిగూడిరి. దూరపు టూళ్లనుండి మరి యెన్నియో వేలమంది ఆయుధములతో దారిబట్టిరి. వదంతి అబద్ధమని తెలిసి వెనుదిరిగిరి. సెప్టెంబరు 6వ తేదిని ఉస్టర్ పట్టణమున 37 గ్రామముల పౌరసేనవారు 4,600 మందికి పైగా వీధికిరువైపుల బారులు తీరి, రాజు నియమించిన న్యాయాధికారులను ఆ బారుల నడుమ నడిపించి, పదవులు వదలుకొంటిమని చదివించిరి. ఆ కచేరిని కాపాడుటకు సేన పంపదలచిన గేజ్ ఆ సంకల్పము మానుకొని, బోస్టన్ నేలపట్టీయొద్ద కోట కట్టించుకొన మొదలిడెను. పాలింపవచ్చినవాడు ముట్టడిలో నున్నవానివలె గోడ పెట్టుకొనెను.

ఆ దృశ్యమును చూచిన సైనికులందరు నొకే తీరున అర్థము చేసికొనలేదు. ఇందు రెండు దృష్టులు కనబడుచున్నవి.

మొదటిది తిరస్కారదృష్టి. 1774 జూలైలో బోస్టన్ చేరిన లార్డ్ పెర్సీ అయిదవ పటాలపు కర్నలు. ముప్పదిరెండేండ్ల ప్రభువంశీయుడు, సిపాయిలయెడ దయ గలవాడని పేరు. అతడు వచ్చిన క్రొత్తలో ఇంటికి వ్రాసిన లేఖలలో అచ్చటి ప్రజలు జిత్తులమారులు, కపటులు, క్రూరులు, పైగా పిరికివారు అని తూలనాడెను. పిట్‌కెయిర్న్ 1775 మార్చి 4వ తేదిని లార్డ్ శాండ్‌విచ్‌కు వ్రాయుచు, ఒక చురుకైన దండయాత్ర చేసి వారి ఊళ్లు రెండు మూడు తగులబెట్టినచో సర్వము చక్కబడునని తన నమ్మకమును వెల్లడించెను. లెఫ్టినెంట్ జాన్ బార్కర్ తన దినచర్యలో సేనాపతినే యెత్తిపొడిచెను. 1775 జనవరిలో ఊరి పెద్దలు కోరగా, సిపాయిలు వీధిలోనికి ఆయుధముతో పోరాదని గేజ్ ఉత్తరువు చేసెను. అది అల్లరిమూకకు కొమ్ము కాయుట కాదా యని బార్కర్ ప్రశ్న. పటాలములలో గేజ్‌కు 'ముసలమ్మ' యని మారుపేరు పెట్టిరి.

రెండవది ఆ 'ముసలమ్మ' దృష్టి. గేజ్ లెక్క వేసికొనెను. తిరుగుబాటు బోస్టన్ అల్లరిమూకది కాదనియు, దేశమెల్ల కదలినదనియు అతడు గ్రహించెను. 1774 శరత్కాలమున అతడు లండనుకు రెండు సలహాలు పంపెను. కఠినశాసనములను కొంతకాలము నిలిపివేయవచ్చునన్నది ఒకటి. లేదా నిజముగా అణచదలచినచో మహాసేనను పంపవలెనన్నది రెండవది. నవంబరు 2వ తేది యుద్ధకార్యదర్శికి వ్రాసిన జాబులో, పదివేలమంది చాలుదురని తోచినచో ఇరువదివేలమందిని పంపుడనియు, అట్లు చేసిన తుదకు రక్తమును ధనమును రెండును ఆదా యగుననియు స్పష్టముగ వ్రాసెను. నాలుగు పటాలములు చాలునన్న నోరే అది.

ఈ రెండు దృష్టులలో ఏది నిజమో తేల్చుకొనుటకు గేజ్ వేగులను పంపెను. 1775 ఫిబ్రవరిలో కెప్టెన్ బ్రౌన్, ఎన్సైన్ డీ బెర్నియర్ అను నిరువురు పల్లెటూరివారి గోధుమరంగు దుస్తులు ధరించి, మెడకు ఎఱ్ఱ రుమాళ్లు చుట్టుకొని నౌకరుతో బయలుదేరిరి. మొదటి పూటకూటి యింటనే వారి వేషము బయటపడెను. అన్నము వడ్డించుచున్న నల్లజాతి స్త్రీ వారిని కనిపెట్టెను. ఈ సీమ బాగున్నదని వారనగా, బాగున్నది, దీనిని కాపాడుకొను శూరులును ఉన్నారు, ఇంక పైకి పోయినచో మీకే తెలియునని ఆమె బదులు చెప్పెను. ఆమె కెప్టెనును బోస్టనులో చూచి గుర్తెరిగినదని నౌకరు తరువాత చెప్పెను. ఫ్రేమింగ్‌హామ్ ఊరిలో వారు బసచేసిన సత్రము ఎదుటనే పౌరసేనవారు కవాతు చేసిరి. కవాతు ముగియగనే వారి నాయకుడు ధైర్యము విడువవలదని హెచ్చరించుచు ఉపన్యసించుట కిటికీలోనుండి వీరు వినిరి. వెస్టన్ ఊరి సత్రపు యజమాని, తేయాకు కావలెనా కాఫీ కావలెనా, ఏది కోరిన నది యిత్తునని యడిగెను. ఆ ఒక్క మాటతో అతడు రాజపక్షమువాడని వారు గ్రహించిరి. గిన్నెలోని పానీయమే మనిషి పక్షమును తెలుపు దినములవి. దేశమెటు మొగ్గినదో చెప్పుటకు ఇంతకు మించిన సాక్ష్య మేల? మార్చిలో వారు కాంకర్డు పోయి అచ్చటి ఆయుధముల నిలువలను చూచివచ్చిరి. వారికి దారి చూపినందుకు ఒక స్త్రీని తారు పూసి ఈకలంటింతుమని ఊరివారు బెదరించిరట.

ఇదే కాలమున రెండు ఘటనలు సైనికులకు హెచ్చరికగా జరిగెను. ఫిబ్రవరి 26వ తేది ఆదివారము నాడు కర్నల్ లెస్లీ సుమారు 240 మందితో ఫిరంగుల వెదకుచు సేలమునకు పోయెను. (ఇది మన సేలము కాదు, మసాచుసెట్స్ రాష్ట్రమున ఆ పేరుగల రేవుపట్టణము.) వంతెన ముందుభాగమును ఊరివారు పైకి లేపివేసిరి. కాల్చెదనని లెస్లీ బెదరించెను, వారు జంకలేదు. తుదకు వంతెన దించుట, సేన కొన్ని అడుగులు దాటి తిరిగిపోవుట అని రాజీ కుదిరెను. ఈ లోపల ఫిరంగులు వేరొక చోటికి తరలిపోయెను. మార్చి 6వ తేదిని బోస్టనులోని ఓల్డ్ సౌత్ ప్రార్థనాలయమున డాక్టర్ జోసెఫ్ వారెన్ 1770 నాటి కాల్పులలో మరణించినవారిని గూర్చి ఉపన్యసించెను. ఆంగ్లాధికారులు ముందు వరుసలలో కూర్చుండి ఆలకించిరి. ఉపన్యాసానంతరము వారు 'ఫై ఫై' యని గేలిచేయగా, జనులు 'ఫైర్' అన్నారని, అనగా నిప్పంటుకొన్నదని భ్రమించి కిటికీలనుండి దుమికిరి. అదే సమయమున పటాలమొకటి తప్పెటలతో ఆ వీధిని రాగా కలకలము రెట్టింపయ్యెను. లెఫ్టినెంట్ మెకెంజీ తన దినచర్యలో దీనిని వర్ణించినాడు. ఆ దినమున నెత్తురు చిందకపోవుట అదృష్టమే.

మెకెంజీ దినచర్యలోనే మరియొక విశేషము గలదు. రేవుగట్టుపై నున్న అతని పటాలమువారు మనిషియంత పలకబొమ్మలను నీటిపై తేలవేసి గుండు గురి అభ్యసించుచుండిరట. ఊరివర్తకుడొకని జాబులోని కథ దీనికి జోడుగా నున్నది. సిపాయిల గురి చూచి పల్లెటూరి ముదుసలి యొకడు నవ్వెను. నీవు కొట్టుమని వారు తుపాకి నీయగా మూడుమారులును గురి తప్పక కొట్టెను. మా ఊరి కుర్రవారు ఇంతకంటె బాగుగ కొట్టుదురని చెప్పి పోయెను.

ఇక విన్నపములకు పైనుండి వచ్చిన ప్రత్యుత్తర మేమి? శాసనములు నిలుపవలెనన్న సలహా రాజునకు అసంబద్ధముగా తోచెను. 1775 జనవరి 27వ తేదిని మంత్రి డార్ట్‌మౌత్ గేజ్‌కు ఉత్తరువు వ్రాసెను: ఎదిరించువారు పొందికయు పన్నుగడయు లేని మోటు మూక, ఆలసింపక నాయకులను పట్టుకొనుము, బలము ప్రయోగింపుము అని దాని సారాంశము. అది ఏప్రిల్ 14వ తేదికి బోస్టన్ చేరెను. నడుమ 77 దినములు. కచేరీ కాగితముల నడుమ జీవితము గడపిన మావంటివారికి ఇందులో విశేషమొకటి తోచుచున్నది. కాగితము ఆలస్యమగుట పెద్ద దోషము కాదు. ఆ నాటి ఓడల వేగ మంతే. గేజ్ పంపిన అంకెలు లండను చేరియేయున్నవి, చదువబడియే యున్నవి. ఐనను ముందే నిర్ణయము చేసికొన్నవారికి నివేదిక యనునది నమ్మవలసిన వార్త కాలేదు, వ్రాసినవాని పిరికితనమునకు గుర్తయ్యెను. బోస్టన్ పటాలములవారు 'ముసలమ్మ' యన్నదానినే లండను మంత్రులు మర్యాదగ వేరు మాటలతో అనిరి.

గేజ్ ఉత్తరువు పాలించెను. ఏప్రిల్ 18వ తేది రాత్రి కర్నల్ స్మిత్, మేజర్ పిట్‌కెయిర్న్ సుమారు 700 మందితో కాంకర్డుకు బయలుదేరిరి. రహస్యము నిలువలేదు, పాల్ రివియర్ మొదలగువారు గుఱ్ఱములపై పోయి పల్లెలను మేల్కొలిపిరి. తెల్లవారుసరికి లెక్సింగ్టన్ పచ్చికపై తుపాకులు మ్రోగెను. ఎనమండుగు రమెరికనులు మరణించిరి. కాంకర్డు వంతెన యొద్ద ఆంగ్లసేన ఎదురుదెబ్బ తినెను. సాయముగా పోవలసిన పెర్సీ దళము తెల్లవారకముందే కదలవలసినది తొమ్మిది గంటలకు గాని కదలలేదు. మెరీనులకు పోవలసిన ఆజ్ఞాపత్రము పిట్‌కెయిర్న్ బసలో తెరువబడక పడియుండెను; ఆ మేజరు అప్పటికే కాంకర్డు దారిలో నుండెను. తిరుగుదారి పొడుగున గోడల చాటునుండి, చెట్ల చాటునుండి గుండ్లు కురిసెను. పెర్సీ వేయిమందితోను రెండు ఫిరంగులతోను లెక్సింగ్టన్ చేరి యుండనిచో స్మిత్ దళములో నొక్కడును తిరిగివచ్చెడివాడు కాడేమో. ఆ దినమున ఆంగ్లసేనలో 73 మంది హతులైరి. 174 మంది గాయపడిరి. 26 మంది కానరారైరి. అమెరికా పక్షమున హతులు 49 మంది.

మరునాడు పెర్సీ లండనులోని జనరల్ హార్వీకి వ్రాసిన జాబే మా యీ వ్యాసమునకు ప్రాణము. వారిని పొందిక లేని మూక యనుకొనువాడు మిగుల మోసపోవునని అతడు వ్రాసెను. తాము చేయు పని యేమో బాగుగ నెరిగినవారు వారిలో నున్నారనియు, చావు తప్పదని తెలిసియు కొందరు పది గజముల దూరమునకు వచ్చి తనను అధికారులను కాల్చిరనియు, వారు రాజుసేనను ఎదిరింతురనిగాని ఇంత పట్టుదల చూపుదురనిగాని తా నెన్నడు ననుకొనలేదనియు ఒప్పుకొనెను. తొమ్మిది మాసములకు ముందు పిరికివారన్న కలమే ఇది వ్రాసినది. తన కన్నులనే నమ్మి, తన మాటను తానే దిద్దుకొన్న యీ సైనికుని నిజాయితీని మేము మెచ్చుకొనక తప్పదు. కాని ఆ దిద్దుబాటునకు ఎంత వెల చెల్లినది!

పిట్‌కెయిర్న్‌కు దిద్దుకొను నవకాశమే లభింపలేదు. జూన్ 17వ తేది బంకర్ హిల్ యుద్ధమున అతడు గాయపడి మరణించెను. ఆ దినమున ఆంగ్లసేనలో హతులును క్షతగాత్రులును కలిసి 1,054 మంది. తిరుగుబాటుదారులు చాలమంది యనుకొన్నట్లు నీచపు మూక కారని గేజ్ మరల వ్రాసెను. అక్టోబరులో అతనిని ఇంగ్లండునకు పిలిపించిరి. 1776 మార్చి 17వ తేది ఆంగ్లసేన బోస్టన్ వదలి ఓడలెక్కెను. ఆ సంగతి తెలియక జూన్ మాసమున ఆ రేవున ప్రవేశించి పట్టువడిన ఆర్చిబాల్డ్ కాంప్‌బెల్ అను సేనాని విడుదలై, తరువాత 1786 నుండి 1789 వరకు చెన్నపట్టణపు గవర్నరుగా నుండెను. అతని కాలముననే, 1788లో, గుంటూరు సర్కారు కంపెనీ పరమయ్యెను. యార్క్‌టౌనులో 1781లో లొంగిపోయిన కార్న్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరలుగా కలకత్తా చేరెను. అచ్చట ఓడినవారే ఇచ్చట ఏలికలైరి.

ఐనచో వారు బోస్టన్ పాఠమును వెంట తెచ్చుకొనిరా? రాయవేలూరు చరిత్రము లేదనుచున్నది. 1806లో క్రొత్త తలపాగాను గూర్చియు, నుదుటి బొట్టు, గడ్డములను గూర్చియు చేసిన ఉత్తరువులకు సిపాయిలు కుములుచుండిరి. జూన్ 17వ తేదిని ముస్తఫా బేగ్ అను సిపాయి తన కర్నలునొద్దకు పోయి కుట్ర జరుగుచున్నదని చెప్పెను. విచారణ జరిపినవారు అతనిని పిచ్చివాడనిరి, నిర్బంధములో నుంచిరి. జూలై 10వ తేది తెల్లవారకముందే కోటలో తుపాకులు మ్రోగెను. అప్పటి గవర్నరు విలియం బెంటింకును మరుసటి యేట వెనుకకు పిలిచిరి.

బోస్టనులో చెప్పినవాడు సేనాపతి, రాయవేలూరులో చెప్పినవాడు సామాన్య సిపాయి. ఒకరిని ముసలమ్మ యనిరి, మరియొకరిని పిచ్చివాడనిరి. పరాయి ప్రభుత్వమునకు దేశము కదలుచున్న సంగతి తెలియక చేటు వచ్చునని సాధారణముగా అనుకొందుము. ఈ రెండు చోట్లను సంగతి తెలిసియే యున్నది. తెలిపిన మనిషియు, తేదియు చరిత్రలో నిలిచియున్నవి. తమ బంటు చెప్పినది నమ్మినచో తాము గావించిన ఉత్తరువు తప్పని ఒప్పుకొనవలసి వచ్చును. దానికి ఏలికలు సిద్ధపడలేదు. ఆ ఒప్పుకోలు తప్పించుకొనుటకై వారు పెట్టిన వెల మాత్రము సిపాయిల ప్రాణములు.